చేప లేదు, పో!

"బాగుందమ్మా" అన్న మాట వింటే చాలు, నాకు ఒళ్ళు మండిపోయే రోజులవి. కడుపు ఆపరేషన్ అయి ఆస్పత్రి నుంచి మా ఇంటికి వచ్చినప్పటి నుంచీ మా నాన్న నోట అదొక్కటే మాట. నేను కుట్టాల్సిన స్కూలు యూనిఫారాలు కుప్పగా పడి ఉన్నా మిషను పక్కన పెట్టేసి, ఆయనకు ఇష్టమైనవన్నీ గుర్తు తెచ్చుకుని, ఉప్పూ కారం తగ్గించి జాగ్రత్తగా వండి పెట్టేదాన్ని. రెండు ముద్దలు తిని, మూడో ముద్దను పళ్ళెంలో అటూ ఇటూ దొర్లించి, "బాగుందమ్మా, ఇక చాలు" అని లేచిపోయేవాడు. బాగుంటే తినాలి కదా? బాగాలేకపోతే తిట్టాలి కదా? రెండూ చెయ్యడు. కన్నకూతురి ఇంట్లో కూర్చుని, చుట్టపుచూపుగా వచ్చినవాడిలా నాకే మర్యాద చేస్తాడు.

"నోరు చచ్చిపోయింది బాబూ, ఏం పెట్టినా ఒకటే. అమ్మాయికి మాత్రం చెప్పకు, బాధపడుతుంది" అని మా ఆయనతో అన్నాడట. మా ఆయన కడుపులో మాట దాగదు కాబట్టి అదే పూట నాకు చేరింది.

డాక్టరమ్మ అయితే మొహం మీదే చెప్పింది. వచ్చే వారం మళ్ళీ తూకం చూస్తాను, ఇలాగే తగ్గిపోతూ ఉంటే ఆస్పత్రిలో చేర్చుకుని ముక్కులోంచి గొట్టం వెయ్యక తప్పదు, ఈ వయసులో ఒకసారి గొట్టానికి అలవాటు పడితే మళ్ళీ నోటితో తినడం కష్టం అంది. "పథ్యాలు మర్చిపోండి. ఏం తింటానంటే అది పెట్టండి. పాసిపోయినది మాత్రం పొరపాటున కూడా పెట్టకండి, ఆ కడుపు తట్టుకోదు" అని కూడా అంది.

ఇంటికొచ్చాక నాన్న ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. "నీకేం తినాలనుందో చెప్పు నాన్నా. ఎక్కడున్నా తెస్తాను."

చాలాసేపు ఆలోచించాడు. చెప్పడానికి సిగ్గుపడ్డాడు కూడా. "డిపో ఎదురుగా హోటల్ ఉండేది చూడు. అక్కడి చేప వేపుడు తినాలనుందే."

నా తల తిరిగిపోయింది. ఇంత పెద్ద ఊళ్ళో ఇన్ని హోటళ్ళుండగా, మనకు అదే గుర్తొచ్చిందా!

మా నాన్న సిటీ బస్సు డ్రైవరు. నా చిన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నం డ్యూటీ దిగాక అమ్మనీ నన్నూ ఆ హోటల్‌కి తీసుకెళ్ళేవాడు. ఆయన చివరి ట్రిప్పులో మేమిద్దరం ఎక్కి, డ్రైవరు వెనక సీట్లో కూర్చుని డిపోదాకా వెళ్ళేవాళ్ళం. జనమంతా దిగిపోయాక ఖాళీ బస్సు గేటులోకి తిరుగుతుంటే, ఆ బస్సంతా మాదే అన్నంత గొప్పగా ఉండేది నాకు. ఇంజను ఆపేశాక కూడా కాళ్ళ కింద కాసేపు వణుకు ఉండేది. నాన్న చేతులు తుడుచుకుని, జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకుని, "పదండి మహారాణులూ" అనేవాడు.

రోడ్డు దాటితే హోటల్. పొడుగాటి గది, రాతి పలకల బల్లలు, గోడకు గరగరమనే ఫ్యాను. తలుపు పక్కనే గల్లాపెట్టె, దాని వెనక ఓనరు. ఆయన ఆ కుర్చీలోంచి లేవగా నేను ఏనాడూ చూడలేదు కానీ, ఏ బల్ల దగ్గర ఎవరేం మాట్లాడినా ఆయన చెవిన పడాల్సిందే. చేతులు కడుక్కునే చోట పెచ్చు ఊడిన అద్దం ఒకటి ఉండేది. చాలాకాలం నాకు అందులో నుదురు మాత్రమే కనిపించేది. కళ్ళు కూడా కనిపించిన రోజున అమ్మను పిలిచి మరీ చూపించాను. వంటింట్లోంచి ఉల్లిపాయలు వేగే వాసన, డ్రైవర్ల చొక్కాల నుంచి డీజిల్ వాసన, రెండూ కలిసిపోయి గది నిండా ఉండేవి. ఇప్పటికీ బస్టాపులో నిలబడి ఉన్నప్పుడు ఏ కిటికీలోంచైనా ఉల్లిపాయ వాసన వస్తే నాకు ఆకలేస్తుంది. అబ్బ, ఎంత బాగుండేదో ఆ ఆదివారం మధ్యాహ్నం! ఆ ఒక్క మనిషి లేకుండా ఉంటే ఇంకెంత బాగుండేదో అనుకునేదాన్ని.

ఆ మనిషి అక్కడి సర్వరు. పొడుగ్గా, సన్నగా, భుజం మీద తుండుగుడ్డతో ఉండేవాడు. వేడినూనెలో నీళ్ళు పడ్డట్టు మాట్లాడేవాడు. అందుకని అమ్మ ఆయనకు చిటపట అని పేరు పెట్టింది. పెద్దవాళ్ళను అలా అనకూడదని నేను వెనక మావయ్య తగిలించాను. చిటపట మావయ్య గ్లాసు బల్ల మీద పెట్టడం ఎరగడు. ఠక్కున కొట్టేవాడు. సగం నీళ్ళు మన ఒళ్ళోనే.

"ఏం కావాలి?" అనేవాడు. ఊరికే అడగడమే. మనం చెప్పింది తెచ్చేది ఉండదు.

"చేప వేపుడు" అనేదాన్ని నేను, ఎన్నిసార్లు వెళ్తే అన్నిసార్లూ.

"చేపా? నీ మొహానికి చేపా? చేప లేదు, పో! ఆమ్లెట్ తిను."

"ఆ బల్ల దగ్గరాయన తింటున్నాడుగా."

"తింటే ఆయన కడుపు, ఆయన ఇష్టం. నీకెందుకు పిల్లా?" అని, వంటింటి వైపు తిరిగి "ఒక ఆమ్లెట్!" అని కేక పెట్టేవాడు.

నాకు ఏడుపు ముంచుకొచ్చేది. ఎందుకంటే ఆ బల్ల దగ్గరున్న ఇస్త్రీ చొక్కా పెద్దమనిషికి ఇదే మనిషి నడుము వంచి, "చేప తీసుకోండి సార్, ఇవాళ ప్రత్యేకం సార్" అంటూ వడ్డించడం నా కళ్ళతో నేను చూశాను. నాన్ననైతే మరీనూ. "ఏమయ్యా డ్రైవరూ, కళ్ళు నెత్తికెక్కాయా? మాంసం కావాలా నీకు? పప్పన్నం తిని పో" అనేవాడు. నాన్న కిక్కురుమనకుండా పప్పన్నం తినేవాడు. అంత పెద్ద బస్సు నడిపే మనిషి, అడ్డమొచ్చిన లారీవాడితో నడిరోడ్డు మీద దిగి దెబ్బలాడే మనిషి, ఈయన ముందు పిల్లిలా కూర్చోవడం చూస్తే నాకు తల కొట్టేసినట్టుండేది.

"ఏవండీ, మనం తిండి తినడానికి వచ్చామా, తిట్లు తినడానికి వచ్చామా?" అనేది అమ్మ.

నాన్న ముసిముసిగా నవ్వేవాడు. "ఆకలి మీదున్నాం కదా, రెండూ తిందాం."

ఒకే ఒక్క ఆదివారం మాత్రం వేరేగా జరిగింది. ఆ రోజు నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఏమీ అడగనని ఒట్టు పెట్టుకున్నాను. చిటపట మావయ్య వచ్చి, ఏమీ అడక్కుండానే నా ముందు పళ్ళెం ఠక్కున పెట్టాడు. అందులో చేప వేపుడు! పొగలు కక్కుతోంది.

"మెల్లగా తిను. గొంతులో ముల్లు గుచ్చుకుందని ఏడ్చావో, వీపు చిట్లగొడతాను" అని వెళ్ళిపోయాడు.

విప్పి చూస్తే ముళ్ళే లేవు. నడిమి ముల్లు మొత్తం తీసేసి, మళ్ళీ చేపను చేపలా అమర్చి ఉంది. ఎవరు తీశారని నేను ఆలోచించలేదు, తినడంలో పడ్డాను. అమ్మ నా పళ్ళెంలోంచి ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. నాన్న తినడం మానేసి ఆమె మొహం వంకే చూస్తున్నాడు. "ఈ చేప కోసం ఎన్ని తిట్లయినా తినొచ్చండీ" అంది కళ్ళు తెరవకుండానే.

అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. నాన్న అడిగింది ఆ చేపనే అని నాకు తెలుసు. అందుకే తల తిరిగినా కాదనలేకపోయాను.

ఆదివారం మధ్యాహ్నమే బయల్దేరాం. టాక్సీ పిలుస్తానంటే వద్దన్నాడు. బస్సులోనే వెళ్దామని పట్టుబట్టి, డ్రైవరు వెనక సీట్లోనే కూర్చున్నాడు. స్టాపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. నాకు నవ్వొచ్చింది, బెంగ కూడా వేసింది. ఆ కాలికి ప్యాంటు ఎంత వదులైపోయిందో అప్పుడే చూశాను.

డిపో ఎత్తేశారు. గేటుకు తుప్పు పట్టిన గొలుసు వేలాడుతోంది, లోపలంతా కార్లు పార్కు చేసుకుంటున్నారు. హోటల్ మాత్రం ఉంది, కానీ గుర్తుపట్టేలా లేదు. అద్దాల తలుపులు, లోపల ఏసీ, గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో "చిరునవ్వే మా తొలి వడ్డన" అని రాసుంది. తలుపు దగ్గర ఒక అమ్మాయి, ఛాతీ మీద నవ్వు బొమ్మ బిళ్ళ పెట్టుకుని నిలబడి ఉంది.

"రిజర్వేషన్ ఉందా మేడమ్?"

"గదంతా ఖాళీయే కదమ్మా" అన్నాను.

"రిజర్వేషన్ లేకపోతే వెయిట్ చెయ్యాలి మేడమ్" అంది. నవ్వు చెక్కు చెదరలేదు. కళ్ళు మాత్రం చేతిలోని ఫోను మీదే ఉన్నాయి.

నాకసలే ముక్కు మీద కోపం. "ఈయన నిలబడే స్థితిలో ఉన్నాడో లేడో, ఆ ఫోను లోంచి తల ఎత్తి ఒక్కసారి చూడు తల్లీ" అన్నాను. చూసింది. తీసుకెళ్ళి బాత్రూము తలుపు పక్కనున్న బల్ల దగ్గర కూర్చోబెట్టింది. కిటికీ దగ్గరి బల్లలన్నీ ఈగలు తోలుకుంటున్నా సరే, అవి పెద్ద గ్రూపులకట.

ముందుగా నాన్నకు వేడిగా ఏదైనా పడాలని సూప్ చెప్పాను. ఎంతకీ రాదే! వచ్చేసరికి పైన మీగడలా పొర కట్టి ఉంది. చెంచాకి ఎవరిదో పాత ఎంగిలి ఎండిపోయి ఉంది. పక్కన పెట్టిన రొట్టె విరవబోతే పెళ్ళున శబ్దం వచ్చింది.

"ఇది చల్లగా ఉందమ్మా" అన్నాను.

"మా సూప్ అలాగే ఉంటుంది మేడమ్" అంది, అదే నవ్వు. విసుక్కున్నా బాగుండేది, కనీసం మమ్మల్ని మనుషుల్లా చూసినట్టుండేది.

నాన్న ఒక్క చెంచా నోట్లో పోసుకున్నాడు. "బాగుందమ్మా" అన్నాడు.

నేను ఆ గిన్నె తీసుకెళ్ళి ఎవరి నెత్తిన పోయాలా అని చూస్తున్నంతలో కుర్రాడొకడు పరుగెత్తుకొచ్చాడు. గడ్డం చక్కగా కత్తిరించుకుని, మెరిసే చొక్కా వేసుకుని ఉన్నాడు. పాత ఓనరు కొడుకునని, ఇప్పుడు అంతా తనే చూసుకుంటున్నానని చెప్పుకున్నాడు. "సారీ మేడమ్, మీ బల్లకి మా సీనియర్‌ని పంపిస్తాను. నాన్నగారి కాలం నాటి మనిషి. ఒకప్పుడు కాస్త నోటి దురుసు ఉండేది, మేం ట్రెయినింగ్ ఇచ్చి మార్చాం. అయినా ఏమన్నా తేడాగా మాట్లాడితే నాతో ఒక్క మాట చెప్పండి. ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఇంటికే అని ముందే చెప్పి ఉంచాను" అన్నాడు.

వంటింటి తలుపు తోసుకుని వచ్చిన మనిషిని చూడగానే నాన్న కుర్చీలోంచి సగం లేచాడు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది, నడుం వంగింది. ఏళ్ళ తరబడి పళ్ళేలు మోసి మోసి ఒక భుజం కిందికి జారింది. ఆ భుజం మీద తుండుగుడ్డ లేదు. ఛాతీ మీద నవ్వు బొమ్మ బిళ్ళ ఉంది. చిటపట మావయ్యే!

"ఏమోయ్!" అన్నాడు నాన్న. ఆయన గొంతులో అంత హుషారు విని ఎన్ని నెలలైందో.

చిటపట మావయ్య దగ్గరికొచ్చి, నేల చూపులు చూస్తూ చేతులు జోడించాడు. "నమస్కారం సార్. మా హోటల్‌కి స్వాగతం సార్. ఏం తీసుకుంటారు సార్?"

నాన్న కాసేపు ఆయన వంకే చూశాడు. "చేప వేపుడు ఉందా?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు.

ఆయన ఒక్క క్షణం ఆగాడు. గల్లాపెట్టె దగ్గర నిలబడి చిన్న ఓనరు ఇటే చూస్తున్నాడు. "ఉంది సార్. తీసుకోండి సార్, ఇవాళ ప్రత్యేకం సార్" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

నాన్న మెల్లగా కూలబడ్డాడు. మొహంలో వెలుగంతా పోయింది. "మర్చిపోయాడే నన్ను."

"మర్చిపోతే మర్చిపోయాడులే నాన్నా, మర్యాదగానే మాట్లాడాడుగా. ఇన్నేళ్ళకైనా బుద్ధొచ్చింది" అన్నాను.

"నీకు తెలీదే పిచ్చిదానా" అన్నాడు నాన్న. "వాడు మర్యాద చేశాడంటే ఆ పళ్ళెం ముట్టుకోకూడదు."

అప్పుడు చెప్పాడు. పాత ఓనరు లెక్క ఒకటే, ముందు నిన్నటిది అమ్ముడుపోవాలి, ఆ తరువాతే ఇవాళ్టి పొయ్యి మీది గిన్నె దించాలి. తలుపు దగ్గర చెవులు నిక్కబొడుచుకుని ఓనరు కూర్చుని ఉంటే, ఇది నిన్నటిది, తినకండి అని సర్వరు ఎలా చెప్తాడు?

"అందుకని వాడొక దారి పట్టాడు. ఎవరికి పెట్టడానికి మనసొప్పేది కాదో వాళ్ళను తిట్టేవాడు. 'లేదు, పో' అన్నాడంటే అది పాసిపోయిందన్న మాట. 'ఇది తిను' అని కసిరాడంటే అది అప్పుడే దించింది. ఓనరు ఏమో, వీడు ఒట్టి కోపిష్టి అనుకునేవాడు. డిపోలో కొత్త డ్రైవరు చేరితే, బండి తాళాలు ఇచ్చే ముందు మేం చెప్పే మొదటి మాట అదే. ఎదుటి హోటల్లో నిన్ను తిడితే కూర్చుని తిను, సార్ అంటే లేచి వచ్చెయ్ అని."

"మరి మిగతావాళ్ళ గతి?"

"ఎవరో ఒకరికి అమ్మక తప్పదు కదే వాడికి. ఆ బాధ వాడికీ ఉండేది, నాతో ఒకసారి అన్నాడు కూడా. కానీ బండి నడిపేవాళ్ళకీ పసిపిల్లలకీ మాత్రం చచ్చినా పెట్టలేదు. ఎన్ని వేల మందిని మోశాను నేను! స్టీరింగ్ ముందు కూర్చుని ఒక్కనాడైనా కడుపు పట్టుకున్నానా? అదంతా వాడి తిట్ల చలవే."

చేపా, నీ మొహానికి చేపా! ఎన్ని ఆదివారాలు ఆ మాటకు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను! ఆ ఒక్క రోజు చేప ముళ్ళు ఎవరు తీశారో, ఓనరు కంటపడకుండా వంటింట్లో నిలబడి ఎంతసేపు తీశారో, ఇప్పుడు తెలిసింది.

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"పిల్లలు ఎక్కడో ఒకచోట వాగేస్తారు. ఓనరుకు తెలిస్తే వాడి పని పోదూ?"

"అమ్మకు తెలుసా?"

నాన్న నవ్వాడు. "తెలియకేం. నీ ముందు తెలియనట్టు ఉండేది. ఎంత బాగా కోప్పడేదో చూశావుగా." ఆ నవ్వు అట్టే నిలవలేదు. "ఇవాళ వాడు నన్ను సార్ అన్నాడే. పద, ఇంటికెళ్దాం. నాకు ఆకలి లేదు."

ఆకలి లేదన్న ఆ మాటతో గొట్టం నా కళ్ళ ముందుకొచ్చింది. ఇక ఈయన ఏమీ తినడు, ఎక్కడా తినడు అనిపించింది.

ఇంతలో చిటపట మావయ్య పళ్ళెం పట్టుకుని వచ్చేశాడు. చేప మీద ఎర్రటి గుజ్జు పోసి, పైన ఆకులు చల్లి, చుట్టూ నిమ్మచెక్కలు పేర్చారు. అంత నిమ్మకాయ వాసన కింద ఇంకేదో వాసన ఉంది. ఆయన బల్ల దగ్గర నిలబడ్డాడు కానీ పళ్ళెం కింద పెట్టలేదు. ఆయన కళ్ళు నాన్న చేతి మీదే ఉన్నాయి. గడియారం మణికట్టు మీద నిలవక సగం మోచేతిదాకా జారిపోయి ఉంది.

"నిలబడ్డావేం? పెట్టు" అన్నాడు చిన్న ఓనరు అక్కణ్ణుంచే. "నవ్వు, నవ్వు."

చిటపట మావయ్య నవ్వలేదు.

"నీకసలు బుద్ధుందా?" అన్నాడు.

తలుపు దగ్గరి అమ్మాయి ఫోను లోంచి తలెత్తింది.

"నిన్నేనయ్యా డ్రైవరూ! అద్దంలో మొహం చూసుకున్నావా? ఆ ఎముకలు పోగేసుకుని వచ్చి చేప కావాలా నీకు? చేప లేదు, పో! ఆ సూపు ఎవడు తాగమన్నాడు నిన్ను? డిపో ఎత్తేశారని తెలీదూ? ఎవరున్నారని వచ్చావిక్కడికి? లే! లే అంటుంటే వినపడదూ!"

అప్పుడు మా నాన్న మొహం చూడాలి! తిట్లు తింటున్న మనిషిలా ఉందా అది? పోయిందనుకున్న వస్తువేదో దొరికినట్టు, నోరు తెరుచుకుని, కళ్ళనిండా నీళ్ళతో నవ్వుతున్నాడు.

చిన్న ఓనరు పరుగున వచ్చాడు. "క్షమించండి సార్, క్షమించండి మేడమ్. ఇదిగో, ఇందుకే... మీ ఫిర్యాదు నేను..."

"ఫిర్యాదా? ఎవరు చేశారండీ ఫిర్యాదు?" అని లేచాను. నా గొంతు ఎంత పైకి లేచిందో నాకే తెలీదు. "గుమ్మంలో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ మాకు జరిగిన మర్యాద ఇదొక్కటే!"

చిటపట మావయ్య పళ్ళేన్ని బల్ల మీద పెట్టి ఆ కుర్రాడి ముందుకు జరిపాడు. "అంత బాగుంటే నువ్వు తిను బాబూ. బడి నుంచి వచ్చి చేప కావాలని గొడవ చేసేవాడివి, గుర్తుందా? మీ నాన్న వింటుండగానే నీకూ లేదు పో అనేవాణ్ణి." ఛాతీ మీది బిళ్ళ తీసి చేప పక్కన పెట్టాడు. చిన్న ఓనరు ఆయన్ని పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. చేప కూడా ముట్టుకోలేదు.

బయట పేవ్‌మెంట్ మీద ముగ్గురం నిలబడ్డాం. చిటపట మావయ్య చెయ్యి అలవాటుగా భుజం మీది తుండుగుడ్డ కోసం వెతికి, ఊరికే కిందికి దిగింది.

"ఈ వయసులో పని పోగొట్టుకున్నావు కదయ్యా, నా కోసం" అన్నాడు నాన్న.

"నీకెందుకు?"

"ఇప్పుడెక్కడికి వెళ్తావ్?"

"నీకెందుకంటున్నానా!"

"మాటలాపి నడవండి ఇద్దరూ, బస్సొస్తోంది" అన్నాను నేను. "మావయ్యా, మీరు కూడా. మా ఇంటికి." ఆయన నా వైపు చురచురా చూశాడు. నేనూ అలాగే చూశాను. మారు మాట్లాడకుండా ఎక్కాడు.

ఇంట్లో గుడ్లూ బంగాళాదుంపలూ ఉన్నాయి. అలవాటు కొద్దీ ఉప్పూ కారం తగ్గించే దుంపల కూర చేసి, ఆమ్లెట్లు వేశాను. మా ఆయన కుర్చీ లాగి పెడితే చిటపట మావయ్య దాని అంచున కూర్చున్నాడు. మా ఆయన గ్లాసులో నీళ్ళు అయిపోగానే మావయ్య లేచి జగ్గు అందుకోబోయాడు. "కూర్చోండి ముందు!" అని కసిరి, పళ్ళెం తెచ్చి ఆయన ముందు పెట్టాను. నాన్న ముందు కూడా పెట్టాను.

చిటపట మావయ్య ఆమ్లెట్ తుంచి నోట్లో పెట్టుకున్నాడు. మెల్లగా నమిలాడు. నాన్న తన పళ్ళెం ముట్టుకోకుండా ఆయన నోటి వంకే చూస్తున్నాడు. నేను గరిటె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. జీవితంలో నా వంటను మెచ్చుకుంటారేమోనని భయపడటం అదే మొదటిసారి. ఈయన గానీ ఇప్పుడు "బాగుందమ్మా" అన్నాడో, నా పని అయిపోయినట్టే.

మింగాడు. నా వైపు తిరిగాడు.

"ఎవరే నీకు వంట నేర్పింది?" అన్నాడు. "ఉప్పేదీ ఇందులో? కారమేదీ? గడ్డి నయం. ఇలాంటివి పెడితే ఎవడు తింటాడు? అందుకే వీడు ఎండిపోయాడు!"

"అదే! నేనూ అదే అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ!" అన్నాడు మా నాన్న, బల్ల మీద అరచేత్తో కొట్టి. "ఒక్కటంటే ఒక్కటి ఉప్పుతో ఉండదు. చప్పిడి కూడు తిని తిని నోరు చచ్చిపోయింది."

"మరి చెప్పవేం నాన్నా!" అని అరిచాను.

"ఇంత కష్టపడి వండుతుంటే ఎలా చెప్పమంటావే? మర్యాదగా ఉంటుందా?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బా, కారం డబ్బా తెచ్చి బల్ల మీద ఠక్కున కొట్టాను. గ్లాసులో నీళ్ళు నాన్న ఒళ్ళో పడ్డాయి. "తినండి ఇద్దరూ. నోరెత్తకుండా తినండి."

తిన్నారు. నాన్న ఆమ్లెట్ మీద ఉప్పూ కారం చల్లుకుని, మడిచి, పెద్ద పెద్ద ముక్కలు చేసుకుని తిన్నాడు. కూర కలుపుకుని అన్నం తిన్నాడు. మధ్యలో ఆగి, "రేపు కూడా వస్తావా?" అని అడిగాడు.

"రాకపోతే ఈమె ఈ వంటతో నిన్ను చంపేసేలా ఉంది" అన్నాడు చిటపట మావయ్య, తలెత్తకుండా.

నాన్న పళ్ళెం ఖాళీ అయింది. దాన్ని నా వైపు జరిపి, "ఇంకో ఆమ్లెట్ వెయ్యవే" అన్నాడు.

లేదు పో, అందామని నోటిదాకా వచ్చింది. కానీ అనలేదు. గబగబా పొయ్యి దగ్గరికి వెళ్ళి, వాళ్ళకు వీపు పెట్టి గుడ్డు పగలగొట్టాను. కళ్ళు తుడుచుకునేలోపే వెనక నుంచి కేక వినపడింది.

"మాడ్చకు పిల్లా!"